బడి పిల్లల గొంతులు కలిపిన ఎంబీఎస్

చిత్తూరు: మలయాళ చిత్రసీమలో చిరకీర్తి పొందిన సంగీత దర్శకుడు ఎం.బి.శ్రీనివాసన్ జన్మస్థలం చిత్తూరు. 1925 సెప్టెంబరు 19న ఇక్కడ జన్మించిన ఆయన సినీ సంగీతంతో పాటు బృందగానానికీ జీవితాన్ని అంకితం చేశారు. సంగీత పరిచయం లేని పిల్లల చేత సైతం పాడించడం ఆయన సాధించిన ఘనత.

ఉద్యమం నుంచి సంగీతానికి...
మద్రాసులో చదువుకునే రోజుల్లోనే విద్యార్థి ఉద్యమంలోకి ప్రవేశించారు. అనంతరం ఢిల్లీలో కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె.గోపాలన్‌కు కార్యదర్శిగా పనిచేశారు. జలియన్‌వాలా బాగ్ నాటి పోరాట నేత సైఫుద్దీన్ కిచ్లూ కుమార్తె జహీదాను వివాహమాడారు. మద్రాసుకు తిరిగివచ్చి సినీ రంగంలో స్థిరపడ్డారు. గాయకుడు ఏసుదాసు తొలిసారి గళం విప్పిన మలయాళ చిత్రం 'కాల్పాడుగళ్' (1962)కు స్వరకర్త ఆయనే. సినీ వాద్యకారులను సంఘటితం చేసి, వారి హక్కుల కోసం సంఘాన్ని నిర్మించారు.

పలు గొంతులు... ఒకే పాట
మన సంప్రదాయ సంగీతంలో ఎందరు పాడినా నడిచేది ఒకే స్వర వరుస. భిన్న స్వరాలను ఏకకాలంలో పలికించే పాశ్చాత్య పద్ధతిని శ్రీనివాసన్ మన రాగాలకు జోడించారు. 1970వ దశకం ఆరంభంలో మద్రాస్ యూత్ క్వయర్‌ను నెలకొల్పి, సుబ్రహ్మణ్య భారతి గీతాలను ఈ విధానంలో పాడించారు.

బడి బాటలో...
1980వ దశకంలో ఎన్‌సీఈఆర్‌టీ చేపట్టిన సామూహిక గాన కార్యక్రమంతో ఆయన కృషి పాఠశాలలకు విస్తరించింది. ముందుగా ఉపాధ్యాయులకు శిబిరాల్లో పాటలు నేర్పేవారు. వారు తమ బడులకు వెళ్లి పిల్లలకు నేర్పేవారు. పలు భారతీయ భాషల గీతాలు అందులో ఉండటంతో తమది కాని భాషను సైతం పిల్లలు సరిగా పలకాల్సి వచ్చేది. శ్రావ్యమైన గొంతు గల ఒకరిద్దరిని ఎంపిక చేసి వేదికనెక్కించే పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం. తరగతిలోని ప్రతి బిడ్డకూ ఇందులో చోటుంది. పక్కవాని గొంతు వింటూ తన గొంతును అదుపులో ఉంచుకోవడమే బృందగానంలో తొలి పాఠం.

శిక్షణలోనే తుదిశ్వాస
సినిమాల్లో ఎంత పేరు వచ్చినా ఈ కృషిని ఆయన విడిచిపెట్టలేదు. బృందగాన శిక్షణ నిమిత్తం లక్షదీవులకు వెళ్లి, 1988 మార్చి 9న అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 62 ఏళ్లు. అనంతరం తిరువనంతపురంలో ఆయన పేరిట ఎంబీఎస్ యూత్ క్వయర్ ఏర్పడింది. చిత్తూరు బిడ్డ చూపిన బాటలో పొరుగు రాష్ట్రాల యువత గొంతు కలిపింది.