కర్షక చిత్రకారుడు మిల్లే

కోత ముగిసిన చేనిలో ముగ్గురు స్త్రీలు. ఇద్దరు నడుము వంచి నేల రాలిన వెన్నులను ఏరుచున్నారు. మూడవ ఆమె సగము వంగి, చేతిలోని పిడికెడు వెన్నులను సవరించుకొనుచున్నది. ముఖములు సరిగా కానరావు. కానవచ్చునవి ఎండకు కమిలిన చేతులు, తలగుడ్డలు, బరువెక్కిన నడుములు. వెనుక దూరమున, బంగారు వెలుగులో, ఆసామి కుప్పలు కొండలవలె నిలిచియున్నవి. బండికి పనలు ఎత్తుచున్నారు. గుఱ్ఱముపై నొకడు పనివారిని కనిపెట్టుచున్నాడు.

పరిగె ఏరుట యనగా నేమో తెలుగు పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు. ఫ్రాన్సు దేశమునందును అది బీదల హక్కే. పంట ఎత్తిన పిమ్మట, సూర్యోదయ సూర్యాస్తమయముల నడుమ మాత్రమే, చేనిలో మిగిలినది ఏరుకొనుటకు బీదవారికి అనుమతి యుండెడిది. ఇంత సామాన్యమైన సంగతిని చూపిన ఈ చిత్రము 1857లో పారిస్ నగరపు ప్రభుత్వ ప్రదర్శనమున వ్రేలాడదీయబడినపుడు కొందరు విమర్శకులు ఉలికిపడిరి. అంతకు తొమ్మిదేండ్ల క్రిందటనే విప్లవము వచ్చి అక్కడి రాచరికము కూలియుండెను. ఆ భయము ధనికులకు ఇంకను తీరలేదు. ఒక విమర్శకునకు ఆ ముగ్గురు స్త్రీల వెనుక 1793 నాటి విప్లవపు ఈటెలును, వధ్యస్థానమును కనబడెను. చిత్రకారుడు మాత్రము ఏ కక్షకును చెందినవాడు కాడు. తాను చూచినదానిని, తన వారు చేసినదానిని, తాను చేసినదానిని చిత్రించితి నని మాత్రమే ఆయన జీవితాంతము చెప్పుకొనుచు వచ్చెను. ఆయన పేరు ఝాన్ ఫ్రాన్స్వా మిల్లే.

మిల్లే 1814వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన ఫ్రాన్సు దేశమున నార్మండీ ప్రాంతపు సముద్రతీరమున గ్రూషీ యను చిన్న పల్లెలో జన్మించెను. ఆ పల్లె గ్రెవిల్ గ్రామమునకు శివారు. రాతి ఇండ్లు, ఏటవాలు పొలములు, క్రింద నెల్లప్పుడు ఘోషించు సముద్రము. ఒక పండుగనాడు తుపానులో ఓడలు పగిలి, మునిగినవారి శవములు ఒడ్డునకు కొట్టుకొనివచ్చుట ఆయన చిన్నతనమున కన్నులార చూచెను. ముసలితనమున కూడ ఆ దినమును ఆయన మరువలేదు.

తండ్రి సేద్యగాడు. అయినను గ్రామ దేవాలయమున పాటకులకు నాయకుడు. మంచి చెవి, మంచి కన్ను గలవాడు. పొలమున నడచుచు ఒక గడ్డిపోచ తుంచి, దాని సొగసు చూడుమని కుమారునకు చూపెడివాడు. తీరిక దొరికినపుడు మట్టితో బొమ్మలు చేసెడివాడు. తల్లికి పొలము పని, పిల్లల పని తెమలక పోవుటచేత, ఎనమండుగురు సంతానములో పెద్దకొడుకైన మిల్లేను పెంచినది నాయనమ్మ. ఆమె మహాభక్తురాలు. తెల్లవారుజామున మనుమని మంచము వద్దకు వచ్చి, పక్షులు ఎప్పుడో మేల్కొని దేవుని కీర్తించుచున్నవని చెప్పి లేపెడిది. తాతగారి సోదరుడొకడు మతగురువు. ఆయన విడిచిపోయిన గ్రంథములు ఇంట నుండెను. ఊరి మతగురువులు బాలునకు లాటిన్ భాష నేర్పిరి. బైబిలును, వర్జిల్ మహాకవి సేద్యమును గూర్చి వ్రాసిన కావ్యమును అతడు మూలములోనే చదివెను. చదువుచునే దున్నెను, విత్తెను, కోసెను, ఎరువు మోసెను. పందొమ్మిదవ ఏటి వరకు అతని బ్రదుకు పొలముననే గడచెను.

ఒకనాడు దేవాలయమునుండి మరలివచ్చుచున్న ఒక వంగిన ముసలివానిని చూచి, ఇంటికి వచ్చి బొగ్గుముక్కతో ఆ రూపమును గీసెను. చూచినవారందరు అది ఎవరో ఆనవాలు పట్టి నవ్విరి. తండ్రి నవ్వలేదు. పెద్దకొడుకు చేయి పొలమునకు ఎంత అవసరమో ఆయనకు తెలియును. అయినను 1833లో కుమారుని, అతడు గీసిన రెండు చిత్రములను వెంటబెట్టుకొని సమీప నగరమైన షెర్బూర్‌కు పోయి ఒక చిత్రకారునకు చూపెను. అవి ఆ పల్లెటూరి కుఱ్ఱవాడు గీసినవని ఆ గురువు ముందు నమ్మలేదు. నమ్మిన పిమ్మట, ఇంతకాలము ఇతనిని నాగలికి కట్టియుంచితివా యని తండ్రిని మందలించెను.

రెండేండ్లు తిరుగకుండగనే తండ్రి మరణించెను. మిల్లే పల్లెకు మరలివచ్చి సేద్యము తలకెత్తుకొనెను. అప్పుడు ఇంటికి మగదిక్కు అతడే. అయినను నాయనమ్మ అతనిని ఉండనీయలేదు. కుమారుని చిత్రకారుని చేయవలెనన్నది తండ్రి సంకల్పము కనుక అది నెరవేరవలెనని చెప్పి మరల షెర్బూర్‌కు పంపెను. కొడుకును పోగొట్టుకొని, మనుమనిని కూడ పట్టణమునకు పంపిన ఆ వృద్ధురాలి సాహసము వలననే తరువాతి కథ యంతయు నడచినది. 1837లో షెర్బూర్ పురపాలకులు ఇచ్చిన విద్యార్థి వేతనముతో మిల్లే పారిస్ చేరెను. పోవునపుడు ఆమె చెప్పిన మాట ఒక్కటే: రాజు ఆజ్ఞాపించినను అపవిత్రమైనది చిత్రింపవద్దని.

పారిస్‌లో అతడు లూవ్ర్ చిత్రశాలకు దారి అడుగుటకు కూడ సిగ్గుపడెను. అడిగినచో నవ్వుదురేమో యని వీధులవెంట తిరిగి తానే కనుగొనెను. కళాశాలలో ఇమడలేదు. వేతనము నిలిచిపోయెను. 1841లో వివాహమాడిన మొదటి భార్య క్షయరోగముతో 1844లో మరణించెను. తరువాత కాథరీన్ లెమేర్ అతని ఇల్లాలై, తొమ్మండుగురు బిడ్డలను కని, కడవరకు తోడుగా నిలిచెను. కడుపుకూటికై అతడు పేర్లపలకలు వ్రాసెను, ముఖచిత్రములు గీసెను. నాయనమ్మ మాట జ్ఞాపకముండియు, అమ్ముడుపోవునని నగ్న స్త్రీల చిత్రములను కూడ గీసెను. ఒక రాత్రి దుకాణము కిటికీ ముందు ఇద్దరు నిలిచి, ఈ మిల్లే దిగంబర స్త్రీలను తప్ప మరేమియు గీయడట యని చెప్పుకొనుట ఆయన చెవిని బడినదనియు, ఆ రాత్రియే ఆ పని మానుకొనెదనని భార్యతో చెప్పినాడనియు ఆయన మిత్రుడును జీవితకర్తయు నైన సాన్సియే వ్రాసెను.

మానుకొని ఏమి గీయవలెను? 1848 నాటి ప్రదర్శనమునకు పంపిన చిత్రము దానికి సమాధానము. అది చేటతో గింజలు చెరుగు ఒక పనివాని బొమ్మ. దానిని 500 ఫ్రాంకులకు ఒక మంత్రి కొనెను. మరుసటి ఏడు పారిస్‌లో కలరా వ్యాపింపగా, మిల్లే కుటుంబముతో ఫాంటెన్‌బ్లో అడవి అంచునగల బార్బిజాన్ అను పల్లెకు తరలిపోయెను. కొన్నాళ్ళుండి పోవుదమనుకొని వచ్చినవాడు కడవరకు అక్కడనే కాపురముండెను.

అచ్చట ఆయన దినచర్య సగము రైతుది, సగము చిత్రకారునిది. ఉదయము తోటలో త్రవ్వుట, నాటుట, పాదులు చేయుట. మధ్యాహ్నము తక్కువ వెలుతురుగల గదిలో చిత్రలేఖనము. కొయ్యజోళ్ళు తొడిగి సాయంకాలము పొలము గట్లవెంట తిరిగెడివాడు. ఆయన పనిలోని విశేషమంతయు ఇచ్చటనే కలదు. ఎదుట మనిషిని నిలిపి గీయుట ఆయనకు అరుదు. చూచినదానిని మనసున నిలుపుకొని, అక్కరలేనిది మఱపున రాలిపోగా, మిగిలినదానిని గీసెడివాడు. ఏ బరువునకు భుజము ఎట్లు వంగునో, మడమ ఎట్లు నేల నదుమునో ఆయనకు ఒకరిని చూచి తెలిసికొనవలసిన పని లేదు. తన శరీరమే దానిని మోసియుండెను.

ఆ పల్లెలో ఆయన మొదట గీసిన గొప్ప చిత్రము, 1850 నాటిది, విత్తువాడు. గింజల సంచి ఒడిసిపట్టి, చేయి విసరి వెదచల్లుచు పెద్ద అంగలతో ఏటవాలున దిగివచ్చు మనిషి. బార్బిజాన్ చుట్టునున్నది సమతలమైన మైదానము. ఏటవాలు పొలమున్నది గ్రూషీలో! కన్నులు బార్బిజాన్‌లో నున్నను, కాళ్ళు పుట్టినూరి పొలమునందే నడచుచుండెను. ఈ విత్తువానిని ఆయన రెండుమారులు చిత్రించెను. ఒకటి నేడు అమెరికాలోని బోస్టన్‌లోను, ఒకటి జపాన్‌లోను ఉన్నవి.

చిత్రములు పేరు తెచ్చెను గాని అప్పులు తీర్చలేదు. అంగడివాడు అప్పు ఈయక, కట్టెలు లేక గడచిన శీతకాలము లున్నవి. 1855లో చెట్టునకు అంటు కట్టుచున్న రైతు చిత్రమును ఒక అమెరికావాడు 4,000 ఫ్రాంకులకు కొనెనని మిల్లే సంతోషించెను. కొనినది నిజమునకు ఆయన పొరుగువాడు, అడవి దృశ్యములు చిత్రించు తియొడోర్ రూసో. సాయమన్నచో పుచ్చుకొనడని ఎరిగి ఆ మిత్రుడు లేని అమెరికావానిని కల్పించెను.

ఈ లేమి వలన ఆయనకు తీరని కొరత యొకటి మిగిలెను. నాయనమ్మ 1851లో మరణించెను. ఆయన చూడలేదు. తల్లి జాబుల మీద జాబులు వ్రాయించి, ఒక్కమారు వచ్చి కనబడుమని కోరెను. ఆమెయు 1853లో పోయెను. అప్పుడును ఆయన లేడు. ఆస్తి పంపకమునకు పల్లెకు పోయినపుడు పొలములో పాలు కోరలేదు. చిన్నతాతగారి పుస్తకములను, ఒక పాత కొయ్య బీరువాను మాత్రము అడిగెను.

కొన్నేండ్లకు ఆయన ఒక బైబిలు కథను చిత్రించెను. దూరదేశము పోయిన కుమారునికై ఎదురుచూచు తోబితు దంపతుల కథ అది. గ్రుడ్డివాడైన తండ్రి తడవుకొనుచు గడప దాటి వచ్చుచున్నాడు. తల్లి కంటికి చేయి అడ్డము పెట్టుకొని, ప్రొద్దుగ్రుంకుచున్న దిక్కున బాటవైపు చూచుచున్నది. బాటపై ఎవ్వరును లేరు. ఆ ఇల్లు ప్రాచీన యూదుల ఇల్లు కాదు. నార్మండీ రాతి ఇల్లు. 1861 ప్రదర్శనమున విమర్శకులు దీనిని మోటుబొమ్మ యని పరిహసించిరి. ఎవరి గడపయో, ఎవరి తల్లియో వారికి తెలియదు.

లోకమంతట ప్రసిద్ధమైన ఆంజెలుస్ చిత్రము పుట్టినదియు ఇట్టి జ్ఞాపకమునుండియే. చేనిలో బంగాళాదుంపలు త్రవ్వుచున్న ఆలుమగలు దూరపు గుడి గంట విని, పని విడిచి, తల వంచి ప్రార్థించుచున్నారు. సాయంకాలము గంట వినబడినపుడెల్ల నాయనమ్మ పొలములో పని ఆపించి, గతించిన బీదవారికై ప్రార్థన చేయించెడిదనియు, ఆ తలపుతోనే దీనిని గీసితిననియు మిల్లే 1865లో చెప్పెను. చిత్రము పెద్దది కాదు. మూర కొలతకు కొంచెము ఎక్కువ. చేయించుకొన్న బోస్టన్ వాసి తీసికొనిపోలేదు. 1860లో అది సుమారు 1,000 ఫ్రాంకులకు పోయెను. చిత్రకారుడు మరణించిన 14 ఏండ్లకు, 1889లో, వేలములో దాని ధర 553,000 ఫ్రాంకులు! మిల్లే కుటుంబమునకు అందులో ఒక్క కాసు రాలేదు. కళాఖండము మరల అమ్ముడుపోయినపుడెల్ల కళాకారునకో, అతని వారసులకో కొంత భాగము ముట్టవలెనని ఫ్రాన్సులో 1920లో చట్టము వచ్చెను. దానికై వాదించినవారు ఉదాహరించిన చిత్రములలో ఇది ముఖ్యమైనది. ఇదియు, పరిగె ఏరువారును నేడు పారిస్‌లోని ఓర్సే చిత్రశాలలో నున్నవి.

గౌరవములు ఆలస్యముగా వచ్చెను. 1867 అంతర్జాతీయ ప్రదర్శనమున ఆయన చిత్రములు తొమ్మిదింటిని ఉంచి ప్రథమశ్రేణి పతకము ఇచ్చిరి. ఆ ఏడే రూసో మరణించెను. మిల్లేను ఎన్నడును చూడని డచ్చి చిత్రకారుడు వాన్ గో, సాన్సియే గ్రంథము చదివి ఆయనను తండ్రివలె భావించి, 1889, 1890 సంవత్సరములలో ఆసుపత్రిలో నుండి ఆయన బొమ్మలను తన రంగులలో మరల చిత్రించెను. అప్పటికి మిల్లే లేడు.

1870లో జర్మనులతో యుద్ధము రాగా మిల్లే కుటుంబముతో షెర్బూర్ ప్రాంతమునకు పోయి, ఏడాదికి పైగా పుట్టినచోట గడపెను. అప్పుడు సముద్రమును, గ్రెవిల్ దేవాలయమును చిత్రింప మొదలిడెను. తండ్రి పాడిన దేవాలయము, నాయనమ్మ కొనిపోయిన దేవాలయము అది. బార్బిజాన్‌కు మరలిన పిమ్మటను ఆ చిత్రమును దిద్దుచునే యుండెను. ఆరోగ్యము చెడెను. 1875 జనవరి 20వ తేదీన ఆయన మరణించెను. షాయీ గ్రామ శ్మశానమున, రూసో సమాధి ప్రక్కనే ఆయనను ఖననము చేసిరి.

గ్రెవిల్ దేవాలయ చిత్రము అప్పటికి ఆయన పనిగదిలోనే యుండెను. ఆ ఏడే దానిని ప్రభుత్వము కొనెను. పొట్టి గోపురము, నాచు పట్టిన రాళ్ళు, ముందు పచ్చిక. ప్రక్క బాటను ఒక రైతు నడచిపోవుచున్నాడు. గోపురము చుట్టును పక్షులు తిరుగుచున్నవి.