కుర్చీ పోయాక దొరికిన పని

1964 నవంబరు నుంచి 1965 మే వరకు అమెరికాలో ఎన్‌బీసీ టెలివిజన్ ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ అనే నాటకాల వరుసను ప్రసారం చేసింది. గంట నిడివితో మొత్తం 26 భాగాలు, ఒక్కో భాగంలో ఒక్కో జీవితం. జాన్ ఎఫ్. కెనెడీ సెనేటరుగా ఉన్నప్పుడు వెలువరించిన పుస్తకం దానికి ఆధారం. ఆ పుస్తకానికి 1957లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నష్టం తప్పదని తెలిసీ మనస్సాక్షి చెప్పినట్టు నడుచుకున్న వారి కథలవి. ఆ వరుసలో అమెరికా ఆరవ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ జీవితం కూడా ఉంది. కెనెడీ తన పుస్తకంలో ఆడమ్స్ నడివయసు నాటి ధైర్యాన్ని ప్రధానంగా చూపారు. విశ్వాసులు నేర్చుకోవలసింది మాత్రం ఆయన వృద్ధాప్యంలోనే ఎక్కువగా ఉంది.

ఆడమ్స్ 1767లో మసాచుసెట్స్‌లో పుట్టారు. తండ్రి జాన్ ఆడమ్స్ ఆ దేశపు రెండవ అధ్యక్షుడు. కుమారుడు పదేళ్లకే తండ్రితో ఐరోపాకు ఓడ ఎక్కాడు. పద్నాలుగేళ్లకు రష్యాలో అమెరికా దౌత్యవేత్తకు కార్యదర్శిగా పనిచేశాడు. 1803లో సెనేటరయ్యారు. 1807లో బ్రిటన్‌తో వివాదం ముదిరినప్పుడు అధ్యక్షుడు జెఫర్సన్ విదేశీ వాణిజ్యాన్ని నిలిపివేసే చట్టం తెచ్చారు. ఓడ వ్యాపారం మీద బతికే మసాచుసెట్స్‌కు అది గొడ్డలిపెట్టు. ఆయన పార్టీ యావత్తూ వ్యతిరేకించింది. దేశ గౌరవానికి అది అవసరమని నమ్మిన ఆడమ్స్ మాత్రం ఆ చట్టాన్ని బలపరిచారు. ఇంకా పదవీకాలం ఉండగానే రాష్ట్ర శాసనసభ ఆయన స్థానానికి మరొకరిని ఎన్నుకుంది. 1808లో ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు.

ఆ తర్వాత రష్యాలో రాయబారిగా ఉన్నప్పుడు ఆయన పెద్ద కుమారుడు జార్జికి బైబిలును గురించి వరుసగా ఉత్తరాలు రాశారు. తాను రోజూ ఉదయం లేవగానే నాలుగైదు అధ్యాయాలు చదువుతానని, ఏడాదికొకసారి బైబిలు పూర్తి చేస్తానని కుమారునికి తెలియజేశారు. ఆ క్రమశిక్షణ ఆయన జీవితమంతా సాగింది. 1826లో క్విన్సీ పట్టణంలోని తన కుటుంబపు సంఘంలో బహిరంగంగా సభ్యుడయ్యారు. అది యూనిటేరియన్ సంఘం. త్రిత్వ సిద్ధాంతం విషయంలో ఆ సంఘానికీ మనకూ ఉన్న భేదం చిన్నది కాదు. అయినా వాక్యం ముందు అనుదినం కూర్చున్న ఆయన అలవాటు మనలో చాలామందిని సిగ్గుపరుస్తుంది.

1825లో ఆడమ్స్ అధ్యక్షుడయ్యారు. ఆ ఎన్నిక ప్రజల ఓట్లతో తేలక ప్రతినిధుల సభలో తేలింది. తెర వెనుక బేరం జరిగిందన్న నింద ఆయనను నాలుగేళ్లూ వెంటాడింది. ఆ నాలుగేళ్లలో బానిసత్వంపై ఆయన బహిరంగ పోరాటమేదీ చేయలేదు. 1828 ఎన్నికల్లో ఆండ్రూ జాక్సన్ చేతిలో ఓడిపోయారు. 1829 మార్చిలో పదవి దిగారు. ఏప్రిల్‌లో మరో దెబ్బ తగిలింది. తాను బైబిలు ఉత్తరాలు రాసిన ఆ జార్జి, వ్యసనాలతో, మనోవేదనతో కుంగిపోయి, ఓడ మీద నుంచి నీళ్లలో పడి చనిపోయాడు. ఆడమ్స్ చాలా కఠినమైన తండ్రి. బిడ్డలు తన ఎత్తుకు ఎదగాలని పట్టుబట్టిన మనిషి. ఆ దుఃఖం ఆయనను ఎంత కోసిందో ఊహించుకోవచ్చు. దేశంలో అత్యున్నతమైన కుర్చీ పోయింది, కడుపున పుట్టినవాడు పోయాడు. ఇక మిగిలింది పాత ఇల్లు, పుస్తకాలు, తోట. ఇక్కడితో కథ ముగిసిందని అందరూ అనుకున్నారు.

కాని 1830లో పొరుగువారు ఆయనను ప్రతినిధుల సభకు పోటీ చేయమని అడిగారు. అధ్యక్షుడిగా చేసినవాడు మామూలు సభ్యుడిగా వెనుక బెంచీలో కూర్చోవడమా అని కొందరు సందేహించారు. ఇంట్లోవారికీ ఇష్టం లేదు. ప్రజలకు సేవ చేయడం ఏ స్థాయిలోనైనా చిన్నతనం కాదన్నది ఆయన ఉద్దేశం. గెలిచారు. అధ్యక్ష పదవి తర్వాత ఆ సభలో పనిచేసినవారు నేటికీ ఆయన ఒక్కరే.

ఆ రోజుల్లో బానిసత్వాన్ని రద్దు చేయమని కోరుతూ సభకు వినతిపత్రాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. వాటిలో ఎన్నో ఓటు హక్కు లేని స్త్రీలు సంతకాలు చేసినవి. దక్షిణాది సభ్యులకు అవి కంటగింపయ్యాయి. 1836లో సభ ఒక నిబంధన పెట్టుకుంది. బానిసత్వానికి సంబంధించిన ఏ వినతినీ అచ్చు వేయకూడదు, చర్చించకూడదు, పక్కన పడేయాలి. దర్యావేషు రాజు కాలంలో ముప్పై దినాల వరకు రాజుకు తప్ప మరెవరికీ విన్నపం చేయరాదని శాసనం చేయించిన అధికారులు మనకు గుర్తుకు వస్తారు (దానియేలు 6:7). విన్నపం చేసే నోటిని మూస్తే సమస్యే ఉండదని అధికారం ప్రతి కాలంలోనూ భ్రమపడుతుంది. దానియేలు యథాప్రకారం మోకాళ్లూనాడు. ఆడమ్స్ యథాప్రకారం వినతిపత్రం చేతపట్టుకుని లేచి నిలబడ్డారు.

ఒక్కసారి కాదు, ఎనిమిదేళ్లు నిలబడ్డారు. చంపుతామని బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. 1842లో ఆయనను అభిశంసించాలని తీర్మానం పెడితే, 74 ఏళ్ల వయసులో రెండు వారాలు తన పక్షాన తానే వాదించుకున్నారు. చివరికి ప్రత్యర్థులే అలసిపోయి ఆ తీర్మానాన్ని పక్కన పెట్టారు. 1844 డిసెంబరు 3న, 108 ఓట్లకు 80 ఓట్ల తేడాతో ఆ నిబంధన రద్దయింది.

ఈ పోరాటం నడుమనే అమిస్టాడ్ ఓడ వ్యాజ్యం వచ్చింది. ఆఫ్రికా నుంచి దొంగతనంగా తెచ్చి క్యూబాలో అమ్మిన 53 మంది, 1839లో తమను తీసుకుపోతున్న ఓడను స్వాధీనం చేసుకున్నారు. చివరకు అమెరికా తీరంలో పట్టుబడి జైలు పాలయ్యారు. వారి తరఫున సుప్రీంకోర్టులో వాదించమని ఆడమ్స్‌ను అడిగారు. ఆయనకు 73 ఏళ్లు. ఆ కోర్టులో వాదించి ముప్పై ఏళ్లు దాటింది. చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. మొదట తటపటాయించి తర్వాత ఒప్పుకున్నారు. 1841లో రెండు రోజుల పాటు గంటల తరబడి వాదించారు. మార్చి 9న కోర్టు వారిని స్వతంత్రులుగా ప్రకటించింది. బతికి మిగిలిన 35 మంది ఆ నవంబరులో స్వదేశానికి బయలుదేరారు. వెళ్లే ముందు ఆడమ్స్‌కు కృతజ్ఞతగా వారిచ్చిన కానుక ఒక బైబిలు. జైలులో ఉండగా చదవడం నేర్చుకున్న చేతులు ఇచ్చిన కానుక అది. 2007లో మసాచుసెట్స్‌కు మొట్టమొదటి నల్లజాతి గవర్నరైన డెవాల్ పాట్రిక్ ఆ బైబిలు మీదే ప్రమాణం చేశారు.

1848 ఫిబ్రవరి 21న ఆడమ్స్ సభలోనే కుప్పకూలి, 23న కన్నుమూశారు. అదే సభలో అప్పుడు కొత్త సభ్యుడిగా అబ్రహాం లింకన్ ఉన్నారు. బానిసత్వం అంతం కావడం ఆడమ్స్ చూడలేదు. దాన్ని నిషేధించిన రాజ్యాంగ సవరణ 1865లో వచ్చింది. విత్తినవాడు ఒకడు, కోసినవాడు మరొకడు (యోహాను 4:37).

ఇశ్రాయేలీయులు తమకు రాజు కావాలని అడిగినప్పుడు సమూయేలు నాయకత్వం ముగిసింది. ఆయన మనసు నొచ్చుకుంది. అయినా వారి కోసం ప్రార్థించడం మానడం దేవుని దృష్టిలో పాపమని ఎంచి, బోధించడం కొనసాగించాడు (1 సమూయేలు 12:23). మన సంఘాల్లో జరిగేదేమిటి? కమిటీ ఎన్నికల్లో ఓడిన పెద్ద మరుసటి ఆదివారం నుంచి కనిపించడు. కార్యదర్శి పదవి పోయినాయన వేరే సంఘం వెతుక్కుంటాడు. పదవీ విరమణ చేసిన సేవకుడు ఇక తన పని అయిపోయిందని మూలన కూర్చుంటాడు. పదవి పోతే పిలుపు కూడా పోయిందని మనం లెక్క వేసుకుంటున్నాం. దేవుని లెక్క అది కాదు.

నోరులేని వారి పక్షాన నోరు తెరవమని సామెతల గ్రంథం ఆజ్ఞాపిస్తోంది (31:8). అందుకు ఏ పదవీ అక్కర్లేదు. మీ వీధిలో పింఛను ఆగిపోయిన విధవరాలు ఉంటే, అర్జీ రాసిపెట్టి ఆమె వెంట కార్యాలయానికి వెళ్లండి. మొదటిసారి పని కాకపోతే రెండోసారి వెళ్లండి. అధ్యక్ష పీఠం మీద ఆడమ్స్ చేయని పనిని, మామూలు సభ్యుడి బల్ల దగ్గర దేవుడు ఆయన చేత చేయించాడు. కుర్చీ కోల్పోయిన మీకు కూడా ప్రభువు ఏదో ఒక బల్ల సిద్ధం చేసే ఉంటాడు. అక్కడ కూర్చోవడానికి సిగ్గుపడకండి.