యూజీన్ వియొలే-లె-డ్యూక్

యూజీన్ ఎమ్మాన్యుయేల్ వియొలే-లె-డ్యూక్ (1814 జనవరి 27 – 1879 సెప్టెంబరు 17) ఫ్రాన్సు దేశానికి చెందిన వాస్తుశిల్పి, చిత్రకారుడు, గ్రంథకర్త. మధ్యయుగాల నాటి కట్టడాల పునరుద్ధరణలో ఈయనకు వచ్చినంత పేరు, దానితోపాటు వచ్చినంత నింద 19వ శతాబ్దపు ఐరోపాలో బహుశా మరెవ్వరికీ రాలేదు. పారిస్ నగరంలోని నోట్రడామ్ చర్చి, కార్కసోన్ కోట, పియెర్‌ఫాన్ కోట, వెజెలే చర్చి ఈయన చేపట్టిన పనులలో ముఖ్యమైనవి. ప్రాచీన కట్టడాలుగా భావించి యాత్రికులు నేడు ఫొటోలు తీసుకునే భాగాలలో కొన్ని నిజానికి ఈయన కల్పించినవే.

బాల్యం, విద్య

ఈయన పారిస్‌లో జన్మించాడు. తండ్రి రాజభవనాల నిర్వహణ శాఖలో అధికారి, గొప్ప పుస్తక ప్రియుడు. మేనమామ ఎటియెన్ డెలెక్లూజ్ చిత్రకారుడు, కళా విమర్శకుడు. ఇంట్లో తరచు రచయితల గోష్ఠులు జరిగేవి. 1830 జూలై విప్లవ సమయంలో పదహారేళ్ళ యూజీన్ వీధులలో అడ్డుగోడలు కట్టేవారితో చేరాడు. వాస్తుశిల్పి కాదలచిన ప్రతివారూ చేరే ఎకోల్ దె బోజార్ అనే ప్రభుత్వ కళాశాలలో చేరడానికి మాత్రం నిరాకరించాడు. అక్కడ గ్రీకు, రోమను పద్ధతులే నేర్పేవారు. ఈయన మనసు స్వదేశంలో శిథిలమవుతున్న గోథిక్ కట్టడాలపై ఉండేది. అందుచేత కాగితాలు, పెన్సిళ్ళు వెంటబెట్టుకొని ఫ్రాన్సు అంతటా తిరుగుతూ, కనిపించిన ప్రతి కట్టడాన్నీ గీసుకున్నాడు. 1834లో ఎలిజబెత్ టెంపియే అనే ఆమెను వివాహమాడాడు. 1836–37లో ఇటలీ పర్యటించాడు.

వెజెలే

1789 విప్లవం తరువాత ఫ్రాన్సులో చర్చి ఆస్తులు జాతీయమయ్యాయి. అనేక మఠాలు అమ్ముడుపోయి, రాళ్ళకోసం కూలగొట్టబడ్డాయి. ఈ వినాశనాన్ని ఆపడానికి ప్రభుత్వం చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి పదవిని ఏర్పరచింది. 1834లో ఆ పదవి చేపట్టిన ప్రాస్పర్ మెరిమే ప్రసిద్ధ రచయిత కూడా. బర్గండీ ప్రాంతంలోని వెజెలే చర్చి కూలిపోయే స్థితిలో ఉన్నదని తెలిసి, ఆ పనిని మెరిమే 1840లో ఈయనకు అప్పగించాడు. అప్పటికి ఈయన వయసు 26 ఏళ్ళు, స్వతంత్రంగా పెద్ద కట్టడమేదీ చేపట్టిన అనుభవం లేదు. రాతి కప్పు బరువుకు గోడలు బయటికి ఒరిగిపోతున్నాయి. ఈయన కప్పులో కొంతభాగాన్ని తేలికపరచి తిరిగి కట్టించి, గోడలకు బయటినుండి ఊతాలను పునర్నిర్మించాడు. చర్చి నిలబడింది. 1979లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

నోట్రడామ్

1831లో వెలువడిన విక్టర్ హ్యూగో నవల నోట్రడామ్‌పై ప్రజలలో ఆసక్తి రేకెత్తించింది. 1844లో పునరుద్ధరణ పని ఈయనకు, జాన్-బాప్టిస్ట్ లాసూస్‌కు కలిపి దక్కింది. 1857లో లాసూస్ మరణించగా ఈయన ఒక్కడే పని కొనసాగించాడు.

విప్లవకాలంలో చర్చి ముఖభాగంపై వరుసగా ఉన్న రాజుల విగ్రహాలను ఫ్రాన్సు రాజులవిగా భావించి జనం తలలు నరికారు. నిజానికి అవి బైబిలులోని యూదా రాజుల విగ్రహాలు. ఈయన వాటి స్థానంలో కొత్త విగ్రహాలు చెక్కించాడు. అసలు తలలు కొన్ని 1977లో పారిస్‌లో ఒక భవనం కింద తవ్వకాలలో బయటపడి, క్లూనీ మ్యూజియంకు చేరాయి.

చర్చి మధ్యభాగంపై ఉండిన పాత శిఖరాన్ని శిథిలమైనందువల్ల 18వ శతాబ్దం చివర దింపివేశారు. దాని స్థానంలో ఈయన ఓక్ కలపతో, సీసపు రేకుల తొడుగుతో మరింత ఎత్తైన శిఖరాన్ని రూపొందించాడు. 1859లో ఇది పూర్తయింది. దాని మొదట్లో పన్నెండుగురు అపొస్తలుల రాగి విగ్రహాలు నిలిపారు. అందరూ నగరంవైపు చూస్తుండగా, తోమా ఒక్కడు వెనుదిరిగి శిఖరంవైపు చూస్తుంటాడు. వాస్తుశిల్పులకు రక్షకుడిగా భావించే ఆ తోమా ముఖం వియొలే-లె-డ్యూక్‌దే. వినయం ఈయన సుగుణాలలో ఒకటి కాదని దీనినిబట్టి తెలుస్తుంది.

గోపురాలపై కూర్చున్న వింత మృగాలు కూడా ఈయన ఊహలోంచి వచ్చినవే. వాననీటిని గోడలకు దూరంగా చిమ్మే జంతుముఖపు తూములు మధ్యయుగాల నుండి ఉన్నాయి గాని, గడ్డం కింద చేతులు పెట్టుకొని నగరాన్ని చూస్తున్న కొమ్ముల రాక్షసుడు 19వ శతాబ్దానికి చెందినవాడు. 1850లలో షార్ల్ మెరియోన్ చెక్కిన చిత్రంతో అతడు ప్రసిద్ధుడై, పోస్టుకార్డుల మీదుగా ప్రపంచమంతా తిరిగాడు.

ఈ పనిలో ఈయన నాటి కొత్త సాంకేతికతను కూడా వినియోగించాడు. పని మొదలుపెట్టకముందు కట్టడం స్థితిని నమోదు చేయడానికి డాగెరోటైపు పద్ధతిలో ఫొటోలు తీయించాడు. అప్పటికి ఆ పద్ధతి వెలువడి కొద్ది సంవత్సరాలే అయింది.

కార్కసోన్, పియెర్‌ఫాన్

రెండు వరుసల గోడలు, యాభైకి పైగా బురుజులు గల కార్కసోన్ కోటను 1850లో సైన్యం రక్షణ స్థలాల జాబితా నుండి తొలగించింది. దాంతో రాళ్ళకోసం కోట కూల్చివేత తప్పదనిపించింది. స్థానిక చరిత్రకారుడు క్రో-మేరెవియే, మెరిమే మొదలైనవారి పోరాటంతో ఆ నిర్ణయం రద్దయింది. 1853 నుండి ఈయన అక్కడ పునరుద్ధరణ సాగించాడు. గోడల మధ్య గుడిసెలు వేసుకొని బతుకుతున్న పేదలను ఖాళీ చేయించడం కూడా ఆ పనిలో భాగమే. పర్యాటక పుస్తకాలలో ఈ సంగతి అంతగా కనిపించదు. బురుజులపై ఈయన పెట్టించిన శంఖాకారపు నల్లరాతి పలకల కప్పులు ఉత్తర ఫ్రాన్సు పద్ధతివని, ఎండ ఎక్కువగల దక్షిణాదికి ఎర్ర పెంకులే తగినవని విమర్శ వచ్చింది. 20వ శతాబ్దంలో కొన్ని బురుజులకు పెంకులు వేశారు. 1857లో ఆ ఊరికి రైలు రావడంతో యాత్రికులు పెరిగారు. 1997లో కోట ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2000లో విడుదలైన ఒక జర్మన్ బల్లమీద ఆట ఈ ఊరి పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

పియెర్‌ఫాన్ కథ వేరు. 17వ శతాబ్దంలో పడగొట్టబడిన ఆ కోట శిథిలాలను 3వ నెపోలియన్ కోరికపై 1857 నుండి ఈయన ఒక నివాసభవనంగా తీర్చాడు. ఇది పునరుద్ధరణ కంటే కొత్త నిర్మాణం అనడమే సరి. 1867లో దీనిని చూసిన బవేరియా రాజు 2వ లుడ్విగ్ తరువాత నాయిష్వాన్‌స్టైన్ కోట కట్టించాడు. 2008–2012 మధ్య ప్రసారమైన బీబీసీ మెర్లిన్ ధారావాహికలో పియెర్‌ఫాన్ కోటే కామెలాట్‌గా కనిపిస్తుంది.

రచనలు, సిద్ధాంతం

11 నుండి 16వ శతాబ్దం వరకు ఫ్రెంచి వాస్తుకళపై ఈయన రచించిన నిఘంటువు 1854–1868 మధ్య పది సంపుటాలుగా వెలువడింది. గోథిక్ కట్టడంలో ప్రతి రాయికీ ఒక పని ఉంటుందని, అలంకారం సైతం బరువును మోసే పద్ధతి నుండే పుడుతుందని ఈయన వాదించాడు. మధ్యయుగపు మేస్త్రీలకు ఇనుము దొరికి ఉంటే దానిని వాడుకునేవారని కూడా భావించాడు. ఈ ఆలోచనలు తరువాతి తరంలో స్పెయిన్‌లో ఆంటోని గౌడీ, అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ వంటివారిని ప్రభావితం చేశాయి.

పునరుద్ధరణ అంటే కట్టడాన్ని పూర్ణరూపానికి తేవడమని, ఆ పూర్ణరూపం గతంలో ఏనాడూ ఉండకపోయినా ఫరవాలేదని ఈయన అభిప్రాయం. ఇంగ్లండులో జాన్ రస్కిన్ దీనికి పూర్తిగా విరుద్ధమైన వాదం వినిపించాడు. రస్కిన్ దృష్టిలో పునరుద్ధరణ కట్టడాన్ని నాశనం చేయడమే. 1964లో వచ్చిన వెనిస్ ప్రకటన, ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగాలని నిర్దేశించి, రస్కిన్ పక్షానికి దగ్గరయింది. టులూజ్‌లోని సాన్-సెర్నాన్ చర్చిలో ఈయన చేసిన మార్పులను 20వ శతాబ్దం చివరలో తొలగించారు కూడా.

1863లో చక్రవర్తి ఉత్తర్వుతో ఎకోల్ దె బోజార్‌లో ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. తాను విద్యార్థిగా కాలుపెట్టని కళాశాల అది. విద్యార్థులు అల్లరి చేసి పాఠాలు సాగనివ్వకపోవడంతో మరుసటి ఏడే రాజీనామా చేశాడు.

చివరి సంవత్సరాలు

1870–71 పారిస్ ముట్టడిలో ఈయన ఇంజనీరింగ్ దళంలో పనిచేశాడు. తరువాత ఆల్ప్స్ పర్వతాలపై పరిశోధన చేసి, 1876లో మాన్ బ్లాన్ పర్వతశ్రేణి గురించి గ్రంథం ప్రకటించాడు. శిష్యుడైన బార్తోల్డీ తలపెట్టిన స్వేచ్ఛా విగ్రహానికి లోపలి ఆధారం రూపొందించే బాధ్యత మొదట ఈయనదే. ఈయన మరణం తరువాత అది గుస్తావ్ ఐఫెల్‌కు చేరి, ఇనుప చట్రంగా మారింది. స్విట్జర్లాండులోని లౌసాన్ చర్చి పునరుద్ధరణ జరుగుతుండగా 1879లో ఆ నగరంలోనే మరణించాడు.

2019 అగ్నిప్రమాదం, అనంతరం

2019 ఏప్రిల్ 15న నోట్రడామ్‌లో మంటలు చెలరేగి, ఈయన నిర్మించిన శిఖరం కూలిపోయింది. మరమ్మతుల నిమిత్తం రాగి విగ్రహాలను నాలుగు రోజుల ముందే దింపడంతో తోమాతో సహా అన్నీ దక్కాయి. కొత్త శిఖరం ఆధునిక రీతిలో ఉండాలా, పాతదే రావాలా అని వివాదం రేగింది. గాజు శిఖరం మొదలుకొని అనేక ప్రతిపాదనలు వచ్చాయి. చివరకు 2020 జూలైలో వియొలే-లె-డ్యూక్ నమూనానే యథాతథంగా కట్టాలని నిర్ణయించారు. ఈయన గీసిన చిత్రాలతోపాటు, ప్రమాదానికి ముందు ఆండ్రూ టాలన్ అనే అమెరికా కళాచరిత్రకారుడు లేజరుతో సేకరించిన కోట్లాది కొలతలు ఈ పనిలో తోడ్పడ్డాయి. కలప మాత్రం పూర్వంలాగే ఓక్ చెట్లదే. చర్చి 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకుంది.

దక్షిణ పార్శ్వంలోని ఆరు ప్రార్థనా గదులకు ఈయన పెట్టించిన రంగు అద్దాల కిటికీలు మంటలలో దెబ్బతినలేదు. వాటిని తీసి సమకాలీన కళాకారుల కిటికీలు అమర్చాలని 2023లో ఫ్రాన్సు అధ్యక్షుడు ప్రకటించగా, వారసత్వ పరిరక్షణ సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. 2024 జూలైలో జాతీయ వారసత్వ సంఘం సైతం ప్రతికూల అభిప్రాయం తెలిపింది. అయినప్పటికీ అదే సంవత్సరం డిసెంబరులో కొత్త కిటికీల రూపకల్పనకు క్లేర్ తబూరేను ఎంపిక చేశారు.