ఉమ్మడి ఓటు కోరిన మౌలానా

భారత స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ స్థానం విశిష్టమైనది. ఆయన 1888 నవంబరు 11న పవిత్ర మక్కా నగరంలో జన్మించారు. బాల్యంలోనే కుటుంబం కలకత్తా చేరింది. అరబ్బీ, పారశీక, ఉర్దూ భాషలలో పాండిత్యం గడించిన ఆ యువకుడు 1912లో ‘అల్ హిలాల్’ పత్రికను స్థాపించి, ముస్లిం యువతను జాతీయోద్యమం వైపు మరల్చారు. ఆంగ్ల ప్రభుత్వం పత్రికను అణచివేసి, ఆయనను రాంచీలో నిర్బంధించింది. 1923లో ముప్పై నాలుగేళ్ళ వయస్సులోనే ఢిల్లీ ప్రత్యేక కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులయ్యారు.

ఆనాటి ఎన్నికల విధానం గమనింపదగినది. 1909 సంస్కరణలతో ప్రత్యేక నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. ముస్లిం స్థానాలకు ముస్లింలు మాత్రమే ఓటు వేసేవారు. పొరుగు మతస్థుని ఓటు అవసరం లేని అభ్యర్థికి పొరుగువాని మనస్సుతో పని ఏముంటుంది? 1945 చివర జరిగిన కేంద్ర శాసనసభ ఎన్నికలలో ముస్లింలకు కేటాయించిన 30 స్థానాలనూ ముస్లిం లీగు గెలుచుకొంది. అప్పుడు కాంగ్రెసు అధ్యక్షులు ఆజాదే. అహమద్‌నగర్ కోటలో బందీగా ఉండగా 1943లో భార్య జులేఖా బేగం మరణవార్త విన్న ఆ ధీరునికి ఇది మరొక గాయం. సమైక్య భారతమే ముస్లింలకు శ్రేయస్కరమని నమ్మిన ఆయన కనులముందే 1947లో దేశం రెండుగా చీలింది.

స్వతంత్ర భారత రాజ్యాంగం ప్రత్యేక నియోజకవర్గాలను రద్దు చేసింది. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలలో ఆజాద్ ఉత్తరప్రదేశ్‌లోని రాంపూరు నుండి పోటీ చేశారు. రొహిల్లా నవాబుల ఏలుబడిలో ఉండి 1949లో విలీనమైన ఆ ప్రాంతంలో ముస్లింలు, హిందువులు ఉభయులూ పెద్ద సంఖ్యలో నివసించేవారు. బరేలీ జిల్లా పడమటి భాగం కూడా ఆ నియోజకవర్గంలో చేరింది. ప్రత్యర్థి హిందూ మహాసభకు చెందిన బిషన్ చంద్ర సేఠ్. విభజన గాయాలు మానని ఆ రోజులలో ఆజాద్ లక్షకు పైగా ఓట్లతో విజయం సాధించారు. ఉభయ మతస్థులూ ఒకే పెట్టెలో ఓటు వేయగల కాలం వచ్చింది.

1957లో ఆయన నాటి పంజాబులోని గుర్‌గావ్ నుండి నిలిచారు. ఇది మరింత కఠినమైన పరీక్ష. అక్కడ హిందువులు అధికసంఖ్యాకులు; మేవాత్ పల్లెలలో మేవ్ ముస్లింలు ఉన్నారు. 1947లో అక్కడ నెత్తురు ప్రవహించింది. ఆ ఏడాది డిసెంబరులో గాంధీజీ ఘసేరా గ్రామానికి వెళ్ళి, దేశం విడిచి పోవద్దని మేవ్‌లను కోరారు. పదేళ్ళు గడవకముందే ఆ నేల ఒక మౌలానాను లోక్‌సభకు పంపింది. 1958 ఫిబ్రవరి 22న ఆజాద్ కన్నుమూయగా, ఉపఎన్నికలో ఆర్యసమాజ నాయకులు ప్రకాశ్‌వీర్ శాస్త్రి స్వతంత్రునిగా గెలిచారు. 1971లో అదే స్థానం మేవ్ నాయకుడు తయ్యబ్ హుస్సేన్‌ను ఎన్నుకొంది.

రాంపూరు సైతం ఒకే బాటలో నడువలేదు. నవాబు వంశీయులను గెలిపించింది, భారతీయ జనతా పార్టీనీ ఆదరించింది. 2004, 2009లలో మన రాజమండ్రి ఆడపడుచు జయప్రదను సైతం లోక్‌సభకు పంపింది. ఓటరును మతం ఒక్కటే నడిపిస్తుందనే వాదానికి ఈ రెండు నియోజకవర్గాల చరిత్ర సులువుగా లొంగదు.

తొలి విద్యామంత్రిగా ఆజాద్ పదేళ్ళకు పైగా సేవ చేశారు. ఖరగ్‌పూర్ సాంకేతిక విద్యాసంస్థ, విశ్వవిద్యాలయ నిధుల సంఘం, సాహిత్య అకాడమీ ఆయన హయాంలో వెలసినవే. 1992లో మరణానంతరం భారతరత్న లభించింది. 1998లో హైదరాబాదులో ఆయన పేరిట జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూ, తెలుగు చదువులు ఒకే ప్రాంగణంలో సాగించే విద్యార్థులు రేపు ఓటర్లు కానున్నారు. పొరుగువాని విశ్వాసం కూడా పొందిన గెలుపే నిండైన గెలుపని ఆ మహనీయుని జీవితం వారికి బోధిస్తున్నది.