ఆంధ్రపితామహ శ్రీ మాడపాటి హనుమంతరావు పంతులుగారు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున, గ్రంథాలయములకును బడులకును తమ జీవితమును ధారవోసిన పెద్దలను స్మరించుట మన విధి. అట్టివారిలో అగ్రగణ్యులు, ఆంధ్రపితామహులని ప్రజలచే కొనియాడబడిన శ్రీ మాడపాటి హనుమంతరావు పంతులుగారు. బడికి సొమ్ము కావలెను. కాని ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చునో, ఏ నిబంధనకు లోబడి వ్యయమగునో ప్రజలెరుగనిచో ఆ బడి కలకాలము నిలువదు. ఈ సత్యమును పంతులుగారు ఆచరణమున చూపిరి.

వారు 1885 వ సంవత్సరము జనవరి 22 వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, నాటి నల్లగొండజిల్లాలోని సూర్యాపేటలో మేనమామల యండన పెరిగిరి. అక్కడనే అక్షరాభ్యాసము చేసిరి. ఉర్దూ ఫారసీలయందును పండితులైరి. హనుమకొండలో చదువు ముగించి, కొంతకాలము సర్కారు కొలువు చేసి, పిమ్మట హైదరాబాదున వకీలు వృత్తి నవలంబించిరి. హనుమకొండలో 1904 లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయ స్థాపకులలో వారొకరు. హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకును కార్యదర్శిగా సేవచేసిరి.

ఆ కాలమున నిజాం రాజ్యములో కచ్చేరీల భాష ఉర్దూ. ఉన్నత పాఠశాలలలో బోధనాభాషయు ఉర్దూయే. నల్లగొండ, మహబూబునగరము జిల్లాల రైతు భూమిశిస్తుతోపాటు రూపాయికి ఒక అణా వంతున లోకల్ ఫండు చెల్లించుచుండెను. బాటలు, బడులు మున్నగు స్థానిక కార్యములకై ఏర్పడిన సొమ్మది. దాని వ్యయమును నిర్ణయించుటలో చెల్లించువానికి మాత్రము ఓటు లేదు. పోనిమ్ము, ఊరివారే చందాలు వేసికొని ఖాంగీ బడి పెట్టుకొందమన్నను ప్రభుత్వపు అనుమతి ముందుగా కావలసియుండెను.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ మందిరమున మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగెను. అందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా కొందరు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. పంతులుగారు దానికి కార్యదర్శులై, గ్రంథాలయ పాఠశాలా స్థాపనమునకు పూనుకొనిరి.

అంతకంటె ముఖ్యముగ గమనింపదగినది వారి కార్యవిధానము. వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యము, మోతుర్ఫాపన్ను అను విషయములపై చిన్న పుస్తకములను తెలుగున వెలువరించిరి. వెట్టిని అదుపుచేయు ఉత్తరువులు ప్రభుత్వమువారివే కొన్ని యుండెను. అవి ఉర్దూలో నుండుటచే పల్లెవారి చెవిని పడలేదు. పంతులుగారు ఆ చట్టపు మాటలను పామరునికిసైతము బోధపడు తెలుగులోనికి తెచ్చిరి. ఏ పన్ను న్యాయమైనది, ఏది కాదు, ఎవరికి అర్జీ పెట్టుకొనవలెను అని తెలిసిన రైతు అధికారియెదుట తలయెత్తి నిలువగలిగెను.

ఇంతకంటె కఠినమైన పరీక్ష 1928 లో ఎదురైనది. ఆ యేట హైదరాబాదున తెలుగు బోధనాభాషగా బాలికల పాఠశాలను వారు నెలకొల్పిరి. అదియే నారాయణగూడలో నేడు వారి పేరిట నున్న పాఠశాల. తెలుగున బోధించు ఉన్నత పాఠశాలకు నాటి ప్రభుత్వపు గుర్తింపు లభింపలేదు. ఆడుబిడ్డకు చదువేల యను సందేహమొకటి, గుర్తింపులేని చదువునకు ఫలమేమి యను సందేహమొకటి తల్లిదండ్రులను వెనుకకు లాగు కాలమది. పంతులుగారు పూనాలో కార్వేగారు స్థాపించిన మహిళావిశ్వవిద్యాలయముతో పాఠశాలకు సంబంధము కల్పించి రెండవ సందేహమును తీర్చిరి. మొదటిదానిని తీర్చుటకు ఇంటింట మాటలాడవలసినదే. విరాళములకును ఆ యిండ్లకే పోవలసినదే. ఈ కార్యమున వారికి కుడిభుజమైనవారు మన మహబూబునగరము సీమయందు జన్మించిన కొత్వాలు రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారు.

పిదప ఆంధ్రమహాసభలు వెలసినవి. 1930 లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారును, 1931 లో దేవరకొండయందు బూర్గుల రామకృష్ణారావుగారును అధ్యక్షత వహించిరి. వీరిరువురును పాలమూరుబిడ్డలే. 1935 లో సిరిసిల్లసభకు పంతులుగారే అధ్యక్షులు. ఆ చరిత్రమంతయు తెలంగాణా ఆంధ్రోద్యమమను గ్రంథముగ వారు వ్రాసియుంచిరి.

1951 లో వారు హైదరాబాదు నగర మేయరైరి. 1955 లో పద్మభూషణ బిరుదము లభించెను. 1958 మొదలు 1964 వరకు శాసనమండలి అధ్యక్షులుగ నుండిరి. పౌరగ్రంథాలయముల చట్టము 1960 లో వెలువడినది ఆ కాలముననే. 1970 నవంబరు 11 న వారు దివంగతులైరి.

అమెరికాదేశమున కొన్నిచోట్ల బడికి అదనపు పన్ను వేయవచ్చునా యని ఓటరులనే నేరుగ అడుగుదురు. మన దేశమున ఆ పద్ధతి లేదు. అయినను మన చేత ఓటున్నది, గ్రామసభయున్నది. ఇంటిపన్నుతో గ్రంథాలయపన్నును మనము చెల్లించుచున్నాము. అది జిల్లా గ్రంథాలయసంస్థకు చేరవలసిన సొమ్ము. మన యూరినుండి ఎంత వసూలైనది, ఎంత చేరినది, బడికి ఏమి వచ్చినది యని గ్రామసభలో అడుగుట తగవు కాదు, పౌరధర్మము. ఓటులేని కాలమున పంతులుగారు ప్రజలకు లెక్క తెలియజెప్పిరి. ఓటుగల మనము ఆ లెక్క చదువకుండుట తగునా? పాఠకులు ఈ గ్రంథాలయమున పత్రికలతోపాటు పంచాయతీ ఆయవ్యయపట్టికనుగూడ చదువ నారంభించిరేని, పంతులుగారికి అంతకుమించిన స్మారకచిహ్నము వేరొండు లేదు.