డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు - కణంలోని కదలిక

బ్లాక్‌టౌన్‌లో వసంతం వచ్చిందంటే మన ఇళ్ళలో తుమ్ములే తుమ్ములు. గాలితో లోపలికి పోయిన పుప్పొడిని, దుమ్మును మన శ్వాసనాళాలు ఎలా బయటికి నెడతాయో పిల్లలు బడిలో చదువుకుంటారు. ఆ పాఠంలోని ఏ.టి.పి. వెనుక ఒక తెలుగువారి పేరున్నదని మాత్రం మనమే చెప్పుకోవాలి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తరువాత స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధి ఇద్దరు సోదరులను రోజుల తేడాలో తీసుకుపోయింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. మామగారి సాయంతో 1920ల తొలినాళ్ళలో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్ర పాత్రలు కడుగుతూ హార్వర్డులో చదివారు. వచ్చిన కొత్తలో చదువుకు తగని పనులు చేసినవారు మనలో మాత్రం తక్కువా?

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1929లో కండరాలలో ఏ.టి.పి.ని కనుగొన్నారు, అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నారు. కణం తన పనులకు ఖర్చుపెట్టే రొక్కం అదే.

శ్వాసనాళాన్నే చూడండి. మన కణాలలో సాధారణంగా రెండు సెంట్రియోళ్ళుంటాయి. కణం విభజన చెందే ముందు ఒక్కొక్కదాని పక్కన ఒక్కొక్క కొత్తది, ఒక్కసారి మాత్రమే, మొలుస్తుంది. శ్వాసనాళపు కణాలు ఈ లెక్కను దాటి వందల సెంట్రియోళ్ళను తయారుచేసుకుంటాయి. అవి పైపొర కిందికి చేరి పునాదులవుతాయి. ఒక్కొక్క పునాది మీద వెంట్రుకవంటి ఒక శైలిక లేస్తుంది. సెంట్రియోల్‌లో తొమ్మిది వరుసల సన్నని గొట్టాలుంటాయి. ఆ తొమ్మిదే శైలికలోకీ సాగుతాయి. వాటి మధ్య డైనీన్ అనే ప్రొటీను ఏ.టి.పి.ని ఖర్చుచేస్తూ గొట్టాలను జరుపుతుంది. శైలిక సెకనుకు సుమారు 10 సార్లు ఊగి దుమ్ము పట్టిన శ్లేష్మాన్ని పైకి తోస్తుంది. సుబ్బారావుగారు శైలికల మీద పని చేసినవారు కారు; డైనీన్‌కు ఆ పేరు వచ్చిందే 1965లో.

1940లో ఆయన లెడర్లే సంస్థలో చేరారు. బోదకాలుకు హెట్రజాన్ అక్కడిదే. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు అది మందయింది.

1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్కు రాష్ట్రంలో కన్నుమూశారు. పాతికేళ్ళ ప్రవాసంలో భీమవరాన్ని గానీ, భార్య శేషగిరిగారిని గానీ మళ్ళీ చూడలేదు.