చాంద్‌బీబీ దాంపత్యము

చాంద్‌బీబీ యనగానే మన విద్యార్థులకు అహమదునగరపు కోట స్మృతికి వచ్చును. 1595-96లో మొగలు రాకుమారుడు మురాదు ఆ కోటను ముట్టడించి మందుపాతరతో గోడను పడగొట్టగా, ఆమె ముసుగు ధరించి, కత్తి చేతబట్టి ఆ గండిలో నిలిచినది. రాత్రికి రాత్రి గోడను తిరిగి కట్టించినది. 1600లో తనవారి చేతులలోనే హతురాలైనది. ఈ వీరగాథ అందరును ఎరిగినదే. మేమిచ్చట వ్రాయదలచినది ఆమె వివాహమును గూర్చి.

అది మనసులు కలిసి జరిగిన పెండ్లి కాదు, సేనలు కలియుటకై జరిగిన పెండ్లి. అందులో ఒక కోట కూడ ఉన్నది. బీజాపుర అహమదునగర రాజ్యముల నడుమ నున్న షోలాపురపు కోట ఆ రెండు వంశములకును పాత తగవు. 1524లో బీజాపుర రాకుమార్తె మరియమును బుర్హాన్ నిజాంషాకు ఇచ్చినప్పుడు ఆ కోటను కట్నముగా ఇచ్చెదమనిరని అహమదునగరమువారి వాదము. పెండ్లికూతురు వచ్చినది గాని కోట రాలేదు! నలుబది సంవత్సరములు దానికై నెత్తురు ప్రవహించినది.

1558లో బీజాపుర సింహాసన మెక్కిన మొదటి అలీ ఆదిల్‌షా విజయనగరపు రామరాయలతో చేయి కలిపెను. రాయల కుమారుడు మరణింపగా తానే వెళ్ళి పరామర్శించెను. వారిరువురి సేనలును కలిసి అహమదునగర రాజ్యమును పాడుచేసినవి. కాని రామరాయల బలము పెరిగిన కొలది అలీకిని భయము పట్టుకొన్నది. అప్పుడు గోలకొండ ప్రభువు ఇబ్రాహీం కుతుబ్‌షా, మన తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన రసికుడు, బద్ధశత్రువుల నడుమ సంధికి పూనుకొనెను. ఆయన అప్పటికే అహమదునగరపు అల్లుడు.

1564 ప్రాంతమున కుదిరిన ఆ సంధి అచ్చమైన కుండమార్పిడి. హుసేన్ నిజాంషా తన కుమార్తె చాంద్‌ను అలీకి ఇచ్చెను. షోలాపురము ఆమె కట్నము. అలీ తన సోదరి హదియాను హుసేను కుమారుడు ముర్తజాకు ఇచ్చెను. 1550లో పుట్టిన చాంద్‌బీబీకి అప్పటికి పదునాలుగేండ్లు. తండ్రి రాజ్యమును కొల్లగొట్టిన వాని ఇంటికే ఆ పిల్ల కోడలుగా వెళ్ళినది. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధము జరిగినది, రామరాయలు పడిపోయెను. పెండ్లి వలన కావలసిన పని కాస్త అయిపోయినది.

కొలది సంవత్సరములకే మిత్రత్వము చెడి బీజాపుర అహమదునగరములు మరల కత్తులు దూసినవి. పుట్టినిల్లును మెట్టినిల్లును పగవారైనప్పుడు, అవసరము కొరకు తెచ్చుకొన్న భార్య అంతఃపురములో ఒక మూలకు చేరుట ఆ కాలమున వింత కాదు. చాంద్‌బీబీ అట్లు కాలేదు. యుద్ధయాత్రలలోను వేటలోను ఆమె భర్త ప్రక్కనే గుఱ్ఱమెక్కి తిరిగినది. రాజ్యకార్యములలో ఆయనకు సలహాదారైనది. అరబ్బీ, పారసీకము, తురుష్క భాషలతోపాటు మరాఠీ, కన్నడములు కూడ ఎరిగిన విదుషి యని ఆమెకు ప్రతీతి. చరిత్రకారులు దండయాత్రలను లెక్కించినంత శ్రద్ధగా అనురాగమును లెక్కింపరు గనుక నడవడిని బట్టియే మనము గ్రహింపవలెను.

మరొక సాక్ష్యము బీజాపురములో నేటికిని ఉన్నది. తళ్ళికోట తరువాత నగరమున జనము పెరిగి నీటికి కటకట ఏర్పడగా, 1579లో అలీ కోటగోడ చెంత ఒక పెద్ద బావి త్రవ్వించి దానికి భార్య పేరు పెట్టెను. అదియే చాంద్‌బావడి. రాజులు సాధారణముగా భార్యలకు సమాధులు కట్టింతురు. ఈయన బ్రతికియున్న భార్య పేర ఊరికి నీళ్ళిచ్చెను. మాకు ఇదే మిన్నగా తోచుచున్నది.

మరుసటి సంవత్సరమే అలీ హత్యకు గురియయ్యెను. వారికి బిడ్డలు లేరు. ముప్పదేండ్ల వితంతువు తన సోదరుడు ఏలుచున్న పుట్టింటికి పోవచ్చును, పోలేదు. భర్త తన వారసునిగా ఎంచుకొన్న తొమ్మిదేండ్ల బాలుని, ఆయన తమ్ముని కొడుకు ఇబ్రాహీమును, ఒడిలోనికి తీసికొని రాజ్యభారము వహించినది. ఆ బాలుడే తరువాత సంగీత సాహిత్యములకు పేరొందిన రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా. మంత్రి కిష్వర్‌ఖాను ఆమెను సతారా కోటలో బంధించెను. హబ్షీ సర్దారు ఇఖ్లాస్‌ఖాను పక్షమువారు విడిపించిన పిదప కూడ ఆమె చేరినది బీజాపురమునకే, ఆ బాలుని వద్దకే.

1584లో ఇబ్రాహీము సోదరి ఖదీజాను అహమదునగర రాకుమారుడు మీరాన్ హుసేనునకు ఇచ్చిరి. ఇదియును రాజకీయపు పెండ్లియే. ఆ పెండ్లికూతురి వెంట పెద్దదిక్కుగా అహమదునగరమునకు తరలివెళ్ళినది చాంద్‌బీబీయే.